ఎండలో ఆరబెట్టిన తడిగూడు

2023 జులై. మస్కట్‌లోని అల్ హైల్‌లో, సముద్రం వైపు వెళ్లే రోడ్డు మీద ఉన్న పెంపుడు జంతువుల దుకాణంలో పనిచేస్తున్నాను. అప్పటికి అక్కడ నాకు తొమ్మిదో ఏడు. అంతకుముందు మూడేళ్లు ఇబ్రాలో సైట్ మీద సెంట్రింగ్ పని. మాది జగిత్యాల దగ్గర పల్లె. బల్లి కనిపిస్తే చీపురు వెతుక్కునే ఇంట్లో పుట్టినవాణ్ని. ఇవాళ ఈ చుట్టుపక్కల ఎవరింట్లో బల్లికి బాగాలేకపోయినా ముందు నా ఫోనే మోగుతుంది. ఈ మాట కొంచెం గొప్పగానే చెప్పుకుంటాను. ఊరికే వచ్చిన గొప్ప కాదు మరి.

దుకాణంలో చేపలు, చిలకలు, పిల్లుల మేత చూసేవాళ్లు వేరే ఉన్నారు. లెపర్డ్ గెకో నా విభాగం. జానెడు పొడవు, లావుపాటి తోక, పసుపు ఒంటి మీద నల్లమచ్చలు ఉండే బల్లి ఇది. మన ఇళ్లలో బల్లిలా గోడ ఎక్కలేదు, వేళ్లకు అతుక్కునే మెత్తలు లేవు. కనురెప్పలు మాత్రం ఉంటాయి. తల పక్కకు వంచి, మనల్ని చూసి కన్ను మూసి తెరుస్తుంది. పిల్లలు అక్కడే పడిపోతారు.

ఇది ఇంచుమించు నెలకోసారి పాత చర్మం వదులుతుంది. దాన్ని షెడ్డింగ్ అంటాం. ఒళ్లంతా తెల్లగా పాలిపోతుంది, తర్వాత ఆ పొరను నోటితో లాగి తానే తినేస్తుంది. పొర తేలిగ్గా ఊడాలంటే తేమ కావాలి. అందుకోసం ట్యాంకులో హ్యూమిడ్ హైడ్ పెడతాం. పెద్ద పదం కానీ వస్తువు చిన్నదే. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, దానికి పక్కన గుండ్రటి రంధ్రం, లోపల తడిపి పిండిన నాచు. నేను తడిగూడు అంటాను.

ఆ రోజు మధ్యాహ్నం విరామం అయిపోయి, నాలుగింటికి షట్టర్ ఎత్తుతూ రూమ్‌లో వాళ్లతో ఫోన్లో మాట్లాడుతున్నాను. నీడలో నిలబడి ఉన్న ఒకావిడ నా మాటలు విని దగ్గరకొచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. చేతిలో పాత ఐస్‌క్రీమ్ డబ్బా, మూతకు సూదితో పొడిచిన చిల్లులు.

"అన్నా, నువ్వు తెలుగోనివేనా? ఇట్లాంటిదే ఇంకొకటి ఉందా నీ అంగట్లో? మచ్చలు ఇట్లే ఉండాల."

మూత తీసి చూపించింది. చూడగానే గుర్తుపట్టాను. మూడు నెలల కింద నేనే అమ్మిన గెకో అది. రీమ్ అనే పదేళ్ల పాప కొనిపించుకుంది. రంగు చూసి అక్కడికక్కడే హల్వా అని పేరు పెట్టింది. ఈవిడ ఆ ఇంట్లో పనిచేసే ఓబులమ్మ, కడప జిల్లా మనిషి అని మాటల్లో తెలిసింది. ఇల్లు మా దుకాణం వెనక రెండో వీధి.

హల్వా ఒంటి మీద చర్మం చింకిపాతలా వేలాడుతోంది. వేళ్ల చుట్టూ పాత పొర ఎండి ఉంగరాల్లా బిగుసుకుంది. అలా బిగిస్తే రక్తం ఆగి వేలి కొస చచ్చిపోతుంది. కుడి కన్ను మూసుకుపోయి, రెప్ప మీద తెల్లటి పొర. కాలికి అయిదు చొప్పున ఇరవై వేళ్లూ లెక్కపెట్టి చూశాను. ఎడమ వెనక కాలు పొడుగు వేలు అప్పటికే నల్లబడింది.

"సచ్చిపోతాదేమోనన్నా," అంది ఓబులమ్మ. "సలాలాలో వానలు చూసేదానికి అందరూ పోయినారు. శుక్రవారం వస్తారు. ఎప్పుడు ఊరికి పోయినా నన్ను మేడమ్ వాళ్లమ్మ ఇంట్లో దించి పోతారు. ఈ బల్లిని చూసుకోవాలని ఈసారే, నాలుగేండ్లలో మొదటిసారి, ఇంటి బీగాలు నా చేతికిచ్చినారు. పాప వచ్చి దీన్నిట్లా చూస్తే ఇంక నన్ను నమ్ముతారా?"

నాకు కోపం తొందరగా వస్తుంది. ఎదుటి మనిషి కష్టం కంటే ముందు ఆ మూసుకున్న కన్నే కనిపించింది.

"గింత ఎండిపోయేదాక ఏంజేస్తున్నవ్ చెల్లె? లోపల తడి డబ్బా లేదా?"

"ఎందుకు లేదన్నా? దినామూ కడుగుతాండా కదా!" ఆ మాట ఆమె గర్వంగానే అంది. పొద్దున్నే డబ్బా బయటికి తీసి డెట్టాల్ వేసి తోముతుందట. నాచును మిద్దె మీద గుడ్డ పరిచి, అప్పడాలు ఎండబెట్టినట్టు ఎండబెడుతుందట. గలగలలాడాక మళ్లీ లోపల పెడుతుందట. "ఒక్క చుక్క తడి లేకుండా చూసినానన్నా. తడి ఉంటే బూజు పడతాది, వాసనొస్తాది. ఆ ఇంట్లో బాత్రూమ్ గచ్చు గూడా తుడిచి పొడిగా పెట్టాల."

పన్నెండు రోజులు నిష్ఠగా చేసిందా పని. బయట అల్ హైల్ గాలికి చొక్కా ఒంటికి అంటుకుపోతున్నా, ఏసీ గదిలో గాలి పొడిపొడిగా ఉంటుంది. బల్లికి వేడి తగలకూడదని ఆ ఏసీ కూడా రాత్రింబవళ్లు ఆపలేదట. ఇక ఆ గదిలో చర్మం ఎలా ఊడుతుంది?

"పొడిగ వెట్టుమని నీకెవరు చెప్పిండ్రు?" అని గద్దించాను.

పర్సులోంచి మడతపెట్టిన కాగితం తీసింది. ట్యాంకు అద్దానికి అతికించి ఉంటే పీకి తెచ్చిందట. ఊరెళ్లే ముందు మేడమ్ అందులో ఒక్కో లైనూ హిందీలో చదివి వినిపించిందట. గెకో కొన్న ప్రతివాళ్లకూ మేం ఇచ్చే కాగితం అది. రాసింది నేనే. మూడో లైను: ట్యాంకు శుభ్రంగా, పొడిగా ఉంచండి.

ట్యాంకు గురించి అది నిజమే. తడిగూడు ఊసు మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు. అది రాస్తే అర్థం కాదు, చేత్తో చూపించాలి అనేది నా పద్ధతి. అమ్మిన రోజు మేడమ్‌కు పది నిమిషాలు చూపించాను కూడా. ఆవిడ ఫోన్ చూసుకుంటూ తలూపింది. ఆ డబ్బాలో రోజూ చేయి పెట్టే మనిషి ఎవరని నేను అడగలేదు. ఓబులమ్మ ఆ రోజు దుకాణం బయట, కారు పక్కనే నిలబడి ఉందట.

సిగ్గేసింది. ఇంత పనితనం ఉందనుకుంటూ ఇంత చిన్న ప్రశ్న మర్చిపోయాను.

"తప్పు నీది కాదు చెల్లె. కాయితం నాది."

"నాకు చెప్తే ఏం లాభమన్నా? మేడమ్‌కు చెప్తావా?"

"చెప్తా."

ఆమె నమ్మలేదు. "అదంతా ఎందుకు, ఇట్లాంటిదే ఇంకొకటి ఇచ్చెయ్," అంది మళ్లీ.

"ఇస్తా. పాప అద్దం కాడికి వచ్చిన నిమిషంలనే పట్టుకుంటది. ఒకదాని మచ్చలు ఇంకోదానికి ఉండయి. అప్పుడు నువ్వు రెండింటికి జవాబు చెప్పాలె. దీన్నే బాగుచేద్దాం, పట్టు."

పట్టు అనగానే రెండడుగులు వెనక్కి వేసింది. "నేను ముట్టుకోనన్నా! ఈ డబ్బాలోకి కూడా గరిటెతో తోసినా. బల్లి మీద పడితేనే తలకు పోసుకుంటాం మేము. చేత్తో పట్టుకుంటే ఎన్నిసార్లు పోసుకోవాల?"

"ఎన్నిసార్లన్న పోస్కో. ముందుగాల చేతులు కడుక్కొని రా."

నేనే చేస్తే అరగంట పని. కానీ ఇంకో మూడు రోజులు ఇంట్లో చేయాల్సింది ఆమె. యజమానులు లేని ఇంట్లోకి నేను వెళ్లకూడదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకే ఆమె చేతే చేయించాను.

పళ్లెంలాంటి డబ్బాలో గోరువెచ్చని నీళ్లు, వేళ్లు మునిగేంత మాత్రమే పోయించాను. హల్వాను దించి మూత పెట్టి ఇరవై నిమిషాలు ఆగాం. తర్వాత తడి ఇయర్‌బడ్‌తో, వేలి మొదలు నుంచి కొస దాకా, పొరను మెల్లగా దొర్లించాలి. రాకపోతే మళ్లీ నానబెట్టాలి గానీ పొడిగా ఉన్నప్పుడు లాగకూడదు, కింది చర్మం కూడా ఊడొస్తుంది. మొదటి వేలికి ఓబులమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. నాలుగో వేలికి ఊపిరి పీల్చుకుంది. పదో వేలికి "ఉండు, ఉండు, అయిపాయె, కదలాకు" అని హల్వాతోనే మాట్లాడటం మొదలుపెట్టింది.

కన్ను దగ్గర మాత్రం నేను ధైర్యం చేయను, ఎవర్నీ చేయనివ్వను. గోరువెచ్చని తడి దూదిని రెప్ప మీద ఆనించి ఉంచాలి, అంతే. ఎల్లుండి పొద్దుటికి తెరవకపోతే డాక్టర్ దగ్గరికే అని చెప్పాను. నల్లబడ్డ వేలు చూపించి, "ఇది పోతది చెల్లె. లాగకు, దానంతట అదే ఊడుతది. వాపొస్తే నాకు ఫోన్ చెయ్యి," అన్నాను. అంతసేపూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.

తర్వాత కౌంటర్ మీదే కొత్త తడిగూడు కట్టి చూపించాను. నాచును మంచినీళ్లలో నానబెట్టాలి, పిండాలి. ఎంత పిండాలన్నదే అసలు కిటుకు. నీళ్లు కారితే బల్లికి ఒళ్లు పాడవుతుంది, పొడిగా ఉంటే ఏమవుతుందో చూశాం. నేను మాటలు వెతుక్కుంటుంటే ఆమె నాచు ముద్ద చేతిలోకి తీసుకుని ఒత్తి చూసింది.

"అత్తిరసాలకు బియ్యం నానబెట్టి, వార్చి, గుడ్డ మీద పోసి, దంచేదానికి ముందర ఉండే తడి. అంతే కదన్నా?"

సరిగ్గా అంతే. అరిసెల బియ్యం ఎండితే పిండి పనికిరాదు, నీళ్లుంటే పాకం చెడుతుంది. తొమ్మిదేళ్లలో నేను చెప్పలేకపోయినదాన్ని ఆమె ఒక్క ముక్కలో చెప్పింది. తెలుగువాళ్లెవరొచ్చినా ఇప్పటికీ ఇలాగే చెప్తాను, కడప ఓబులమ్మ మాట అని కూడా చెప్తాను.

డబ్బా ఎక్కడ పెట్టాలో కూడా చూపించాను. ట్యాంకు కింద ఒకవైపు వేడి ఇచ్చే హీట్ మ్యాట్ ఉంటుంది. డబ్బా సగం దాని మీదకు, సగం బయటకు ఉండాలి. ఏసీ గాలి ట్యాంకుకు నేరుగా తగలకూడదు. రోజూ పొద్దున తడి చూసుకోవాలి, వారానికోసారి నాచు మార్చాలి. అన్నీ ఫోన్లో ఫొటోలు తీసుకుని వెళ్లింది.

మర్నాడు ఉలుకూ పలుకూ లేదు. నాకు స్థిమితం లేదు, లెక్కలేనన్నిసార్లు ఫోన్ చూసుకున్నాను. మూడో రోజు పొద్దున్నే వాయిస్ మెసేజ్: "కన్ను తెరిచినాదన్నా! నన్నే చూస్తాంది!" దుకాణం ముందు పావురాలకు గింజలు వేస్తూ నేనూ కేకేశాను. నల్లబడ్డ వేలు గురువారం ఊడిపోయింది.

శనివారం సాయంత్రం మేడమ్, రీమ్ వచ్చారు. వెనకాల ఓబులమ్మ. పాప చేతిలో హల్వా ఉన్న డబ్బా. మేడమ్ ముఖం చూస్తే వచ్చిన పని తెలిసిపోయింది.

"వేళ్లు పందొమ్మిదే ఉన్నాయి," అంది రీమ్, డబ్బా కౌంటర్ మీద పెట్టి కళ్లు తుడుచుకుంటూ.

మా అర్బాబ్, అంటే దుకాణం యజమాని, కౌంటర్ దగ్గరే కూర్చుని ఉన్నాడు. నోరు మెదపకుండా ఊరుకోవచ్చు, మాట పనిమనిషి మీదే ఉండిపోతుంది. ఓబులమ్మ నావైపు చూడలేదు. చెప్తానన్న మాట ఆమె అసలు లెక్కలో వేసుకున్నట్టే లేదు. నేను ఆ కాగితం తీసి మేడమ్ ముందు పెట్టాను.

"తప్పు నాది మేడమ్. ఇందులో తడి డబ్బా గురించి రాయలేదు. ఇందులో రాసింది రాసినట్టు ఆమె చేసింది. నేను రాసిన దానివల్లే వేలు పోయింది. కన్ను నిలబెట్టింది మాత్రం ఆమె చెయ్యి."

అర్బాబ్ తలెత్తి నన్నూ, కాగితాన్నీ చూశాడు. మేడమ్ కాగితం చదివింది. మళ్లీ చదివింది. "చదివి వినిపించింది నేనే," అంది నెమ్మదిగా.

రీమ్ మాత్రం ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది. ఓబులమ్మ వైపు తిరిగి, "ఓబూ, నువ్వు పట్టుకున్నావా? చేత్తో?" అంది. గెకో ఇంటికొచ్చినప్పటి నుంచీ ఆ గది గడప దగ్గరే నిలబడి తుడుపుకర్ర లోపలికి చాపే ఓబులమ్మను చూసిన పాప అది. ఓబులమ్మ డబ్బా మూత తీసి అరచేయి పెట్టింది. హల్వా ఎక్కి కూర్చుని, తల వంచి, రెండు కళ్లూ మూసి తెరిచింది. పాప ఏడుపు మర్చిపోయి నవ్వింది.

ఆ రాత్రే కాగితం తిరగరాశాను. తడిగూడుకు ఇప్పుడు సగం పేజీ, బొమ్మతో సహా. అంతకంటే ముఖ్యం, గెకో అమ్మే ముందు ఒక ప్రశ్న అడుగుతాను: ఈ డబ్బాలో రోజూ చేయి పెట్టేది ఎవరు? ఆ మనిషి కారు దగ్గరుంటే లోపలికి పిలుస్తాను, ఇంట్లో ఉంటే ఫోన్ కలపమంటాను. నాచు వాళ్ల చేతిలో పెట్టాకే బల్లి దుకాణం దాటుతుంది. కొనేవాడికి చెప్తే సగం పని, చేసే మనిషికి చెప్తేనే పని పూర్తయినట్టు.

మరుసటి ఏడాది, ఖరీఫ్ అని ఇక్కడ పిలిచే జులై వానలకు, వాళ్లు మళ్లీ సలాలా వెళ్లారు. బీగాలు ఓబులమ్మకే ఇచ్చారు. నేను ఎప్పుడూ అడగను గానీ, హల్వా చర్మం వదిలిన ప్రతి నెలా ఆమె నుంచి వాయిస్ మెసేజ్ వస్తుంది. పెద్దగా మాటలేం ఉండవు.

"పందొమ్మిదీ బాగుండాయన్నా."