స్లో పట్టుకోని తెల్లకారు

మీకిప్పుడు ఒక మహాకావ్యం చెప్పబోతున్నా. అందులో జనసముద్రం ఉంది. నడిరోడ్డు మీద నొప్పులు పడుతున్న ఆడబిడ్డ ఉంది. శత్రువుల మధ్య నోరు కుట్టేసుకుని కూర్చున్న అల్లుడు ఉన్నాడు. చివర్లో ఒక పాము కూడా ఉంది. ఇంత సరుకు చేతిలో పడితే ఏ కవైనా పద్దెనిమిది పర్వాలు లాగేవాడు. కానీ అబద్ధమెందుకు, నా దగ్గర ఉన్నది ఎర్రలైటు దగ్గర ఆపితే చచ్చిపోయే ఒక పాత కారు. కావ్యం సంగతి మర్చిపోండి, కారు సంగతి చెబుతా.

ఆ కారు మా నాయినది. తెల్లది, చిన్నది, ఇద్దరు వాడి వదిలేశాక మాకు వచ్చింది. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో ఇల్లు కట్టుకున్న మనిషి ఆయన. ఇల్లు అందరూ కడతారు, కారు అందరికీ ఉండదు అనేవాడు. అందుకే గల్లీలో పోయేవాళ్లకు ఇంటికంటే ముందు కారు కనబడేలా గేటు బార్లా తీసి ఉంచేవాడు. కుక్కలు కూడా ఆ నీడనే పడుకునేవి.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. నాయిన సర్కారు నౌకరీ కాబట్టి సమ్మెలో ఉన్నాడు. పొద్దున సభకు పోయి నినాదాలిచ్చి, పది దాటేసరికి ఇంటికొచ్చి లుంగీ కట్టుకునేవాడు. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆయనకు తెలిసేది కాదు. నేను చైతన్యపురిలో పోటీ పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్నా. కోచింగ్ బంద్, పరీక్ష వాయిదా. ఇక చదవకపోవడానికి నాకు జాతీయస్థాయి కారణం దొరికింది. అక్క పురుడు పోసుకోవడానికి పుట్టింటికొచ్చింది, డాక్టరమ్మ చెప్పిన తేదీ దాటిపోయింది. బావ ఉండేది వనస్థలిపురంలో. బస్సులు లేక మా ఇంట్లోనే చిక్కుకున్నాడు. ఆయనది గుంటూరు వైపు. ఇద్దరూ ఒకే ఆఫీసులో పనిచేసి, ఒకరినొకరు నచ్చి చేసుకున్నారు. అప్పట్లో ఆ పెళ్లికి ప్రాంతం అడ్డు రాలేదు. వంకాయ కూరలో చక్కెర వెయ్యాలా వద్దా అన్నది మాత్రం అడ్డొచ్చింది, అది ఇప్పటికీ తెగలేదు.

మొత్తానికి ఇంట్లో ఎవరూ ఒక్కచోట నిలిచేవాళ్లు కాదు. బావ వరండాలో అటూ ఇటూ తిరిగేవాడు. నాయిన టీవీకీ గేటుకీ మధ్య తిరిగేవాడు. అక్క కూర్చోలేదు, పడుకోలేదు, నిలబడితే నడుము నొప్పి. కుదురుగా ఉన్నది అమ్మ ఒక్కతే, ఎందుకంటే వంట ఆమెదే.

సరిగ్గా ఆ టైములో కారుకు కూడా అదే రోగం వచ్చింది. స్టార్టయ్యేది. కాసేపు బుద్ధిగా ఉండేది. తర్వాత ఎవరూ ముట్టుకోకుండానే దానంతట అదే గుర్రుమని లేచేది, మళ్లీ నీరసంగా పడిపోయేది, మళ్లీ లేచేది. రెండుసార్లు వణికి ఆగిపోయేది. రోడ్డు మీద పోతున్నంతసేపు ఏ బాధా లేదు. ఆపితేనే చచ్చేది. రోజుకో రాస్తారోకో జరుగుతున్న ఊళ్లో, నిలబడటం చేతకాని కారు మాది.

నాయినకు పని దొరికింది. పొద్దున్నే బానెట్ ఎత్తేవాడు. దాన్ని నిలబెట్టే కడ్డీ ఎప్పుడో పోయింది కాబట్టి నేను దాన్ని తలమీద మోస్తూ నిలబడేవాణ్ణి. ఆయన చెవి ఇంజను దగ్గర పెట్టి, గుండె చూసే డాక్టరులా కళ్లు మూసుకునేవాడు.

"ఏందయ్యా, పొద్దుగాల నుంచి గుర్ గుర్ అనిపిస్తున్నవ్. దానికేమన్న పాలు పడుతున్నవా?" అనేది అమ్మ వంటింట్లోంచి.

"ఇనపడనియ్యవే జర."

"ఏమినపడ్డది?"

"నీ గొంతు."

బావ లెక్క ప్రకారం పెట్రోల్లో కల్తీ. నాయిన లెక్క ప్రకారం ప్లగ్గులు. డిపో వెనక షెడ్డున్న మెకానిక్ సమ్మె మీద గౌరవంతో షట్టరు సగం దించి, కడుపు మీద గౌరవంతో సగం తీసి ఉంచేవాడు. ఆయన లెక్క ప్రకారం కార్బొరేటర్లో కచరా. అందరి మాటా మన్నించాం. పెట్రోలు మార్చాం, ప్లగ్గులు గీకాం, కార్బొరేటర్ విప్పి కడిగించాం. చోక్ లాగితే కాస్త నయమయ్యేది, వదిలితే మళ్లీ మొదలు. చివరికి మెకానిక్ ఒక మర తిప్పి స్లో, అంటే బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను తిరిగే వేగం, పెంచాడు. దాంతో కారు ఆగినప్పుడు పెళ్లి పందిట్లో జనరేటర్లా మోగేది. మోగీ మోగీ ఆగిపోయేది.

అన్నీ చూశాం కానీ ఒక్కచోట ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆ దసరాకి అమ్మ కారుకు పూజ చేసింది. మామూలుగా అందరూ అద్దానికి బొట్టు పెట్టి, ముందు దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. ఈసారి పురిటికి పోవాల్సిన బండి కదా అని అమ్మ బానెట్ తీయించి ఇంజనుకే కంకణం కట్టింది. పసుపు రాసిన దారం, దానికో పసుపు కొమ్ము. అంత ఇనుములో కట్టడానికి అనువుగా, అచ్చం మణికట్టులా ఒక రబ్బరు పైపు కనబడిందట. దానికి చుట్టి మూడు ముళ్లు వేసింది. "తనంత తాను ఊడాలె, ఎవ్వలు తియ్యొద్దు" అని మా అందరికీ చెప్పింది.

మెకానిక్ బానెట్ తీయగానే ముందు దానికి దండం పెట్టుకున్నాడు. "గాడ చెయ్యి పెట్టను సార్. ఇంజన్ ఖరాబైతే నేను బాగుచేస్త. దేవునితోని ఖరాబైతే నన్నెవడు బాగుచేస్తడు?" అన్నాడు. అతను తప్పుగా ఏం అనలేదు. నాయిన కూడా అంతే, నేను కూడా అంతే. దాని చుట్టూ ఉన్న ప్రతి మరా విప్పి బిగించాం.

ఒకరోజు బావ, నలుగురూ గేటు దగ్గర కూర్చుని ఉండగా, మెల్లగా అన్నాడు. "మామయ్యగారూ, అవసరమైతే అంబులెన్స్‌కి ఫోన్ చేద్దామండి. దాన్ని ఎవరూ ఆపరు కూడాను."

"ఇంటి ముంగట సొంత బండి పెట్టుకోని ఎవలదో బండిల పంపుడేంది అల్లుడుగారూ. నా బిడ్డను నా కారులనే తీస్కపోత."

పక్కింటివాళ్లు విన్నారు. ఎదురింటివాళ్లు విన్నారు. ఇక ఆ మాట వెనక్కి తీసుకునే దారి లేదు. ఆ రోజు నుంచి ఆయన అన్నం తింటూ కూడా కారు వైపే చూసేవాడు. అక్క ఎప్పుడు మూలిగినా ఆయన చెయ్యి జేబులోని తాళంచెవి మీదికి పోయేది.

నొప్పులు రానే వచ్చాయి. ఎప్పుడు రావాలో సరిగ్గా అప్పుడే, అంటే పూర్తి బంద్ రోజు పట్టపగలు. దవాఖాన ఎల్బీనగర్ చౌరస్తా దాటాక ఉంది. నాయిన స్టీరింగు ముందు, పక్కన బావ, వెనక అమ్మ, అక్క, తలుపుకు అతుక్కుపోయి నేను. బయల్దేరే ముందు అమ్మ బావతో చెప్పింది. "అల్లుడుగారూ, తొవ్వల ఎవ్వరేమడిగినా మీరు మాట్లాడకుండ్రి. మీ మాట ఇంటే ఊరు తెలుస్తది."

"అలాగేనండి అత్తయ్యగారు."

"గదే మరి. గట్లనొద్దంటున్న."

బావ నోరు మూశాడు.

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు అంత ఖాళీగా నేను అదివరకు చూడలేదు. ఎప్పుడూ మనిషి మీద మనిషి నడిచే చోట ఒక ఆవు నడుస్తోంది. చైతన్యపురిలో హాస్టళ్ల పిల్లలు నడిరోడ్డు మీద క్రికెట్ ఆడుతున్నారు. బౌలర్ మమ్మల్ని చూసి ఆగి, "అక్కకు దారియ్యిరా" అని వికెట్లు తీసేశాడు. కారు నెమ్మదించినప్పుడల్లా ఇంజను వణికేది. క్లచ్, బ్రేకు, ఆక్సిలరేటరు ఒకేసారి తొక్కాలంటే మనిషికి మూడో కాలు కావాలి. నాయిన చేతిబ్రేకును మూడో కాలు చేసుకున్నాడు. అక్క "అమ్మా" అన్నప్పుడల్లా ఇంజను కూడా ఒకసారి లేచిపడేది. ఈ పోలిక నాకు అక్కడే తట్టింది. తలుపు పక్కనే ఉన్నాను, చెబితే తోసేస్తారని చెప్పలేదు.

ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. అంటే రోడ్డు దిగ్బంధించి, అక్కడే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తినే నిరసన. పెద్ద గుండిగలో కిచిడీ ఉడుకుతోంది. డప్పులు, మైకు, పొగ. నాయిన కారును గుండిగ దాకా తెచ్చి ఆపాడు. కారు చచ్చిపోయింది.

తాళం తిప్పితే స్టార్టయి మళ్లీ ఆగింది. మళ్లీ తిప్పాడు. ఆయన మెడ మీద చెమట కారుతోంది. "అయితది, అయితది" అంటున్నాడు. అక్కతో అంటున్నాడో కారుతో అంటున్నాడో తెలియలేదు.

మైకు సెట్టు చూసుకునే మనిషి లోపలికి తొంగిచూశాడు. వెంటనే మైకులో చెప్పాడు. "సోదరులారా, నిండు గర్భిణి ఉన్నది. డప్పు బంద్ చెయ్యాలె. బండికి జర చెయ్యేయాలె."

డప్పు ఆగింది, నినాదాలు ఆగాయి. బస్సుల్లేవు, లారీల్లేవు. ఎల్బీనగర్‌లో కిచిడీ ఉడికే చప్పుడు వినిపించడం అదే మొదలు, బహుశా అదే చివర. నేను దిగి బానెట్ ఎత్తాను. మైకు మనిషి పట్టుకున్నాడు. నాయిన స్టార్ట్ చేశాడు. ఇంజను లేస్తూ పడుతూ ఉంటే, లోపలెక్కడో సన్నగా, "స్స్‌స్‌".

"పామున్నదిరో లోపల" అన్నాడు ఒకడు.

ఉద్యమం రెండడుగులు వెనక్కి తగ్గింది. వంటాయన కిచిడీ గంటె పట్టుకుని ముందుకొచ్చాడు. గంటె నుంచి కిచిడీ కారుతోంది.

అమ్మ దిగింది. "నేను పూజ చేసిన బండిల పామేంది, తప్పుకోండ్రి" అని తల లోపల పెట్టింది. పసుపు కొమ్ము గజగజ వణుకుతోంది. ఆమె దాన్ని కదలకుండా పైపుతో సహా గుప్పిట పట్టుకుంది. చప్పుడు ఆగిపోయింది. ఇంజను ఊపిరి తీసుకున్నట్టు నెమ్మదించి, ఒకే తీరుగా తిరగడం మొదలుపెట్టింది. చెయ్యి తీసింది. స్స్‌. మళ్లీ పట్టుకుంది. నిశ్శబ్దం.

వెనక ఎవరో "తల్లీ" అని రెండు చేతులు జోడించారు. వంటాయన గంటె దించి చెప్పులు విడిచాడు. అమ్మ మొహంలో కూడా కొంచెం వెలుగు వచ్చింది. ఇంకొక్క నిమిషం ఆగితే అక్కడ గుడి లేచేది.

"మహిమ కాదండీ" అంటూ బావ కారు దిగి, అమ్మ పట్టుకున్న చోట తొంగిచూశాడు. "పైపు చిరిగిందండి. దారం కింద. ఇంజను అక్కడ్నుంచి గాలి లాగేస్తోంది, అందుకే ఆగిపోతోంది. అత్తయ్యగారూ, చెయ్యి తియ్యకండి."

ఆ 'అండీ'లు చౌరస్తా అంతా వినబడ్డాయి. నాయిన స్టీరింగు మీద తల ఆన్చాడు. నేను కావ్యంలో యుద్ధఘట్టం కోసం చుట్టూ చూశాను.

మైకు మనిషి బావను కిందికీ మీదికీ చూశాడు. "సార్ చెప్పేది నిజమే. సార్, మీరు గీ బానెట్ పట్టుకోండి. కడ్డీ లేదు, నా చెయ్యి గుంజుతున్నది."

బావ బానెట్ పట్టుకున్నాడు. యుద్ధం అయిపోయింది.

ఇక మిగిలింది దారం. అది తీస్తేగానీ పైపుకు ఏదైనా చుట్టలేం. అమ్మ చెయ్యి తియ్యదు. "పురుడు కాకముందే తీస్తే ఎట్లరా? తనంత తాను ఊడాలె" అంటోంది. ఆమెను బతిమాలే ధైర్యం నాకూ లేదు, నాయినకూ లేదు.

వెనక సీట్లోంచి అక్క అంది. "అమ్మా. దారం కావాల్నా, నేను కావాల్నా?"

మైకు మనిషి వైర్లు కోసే బ్లేడు తీశాడు. మూడు ముళ్లూ తెగాయి. అమ్మ పసుపు కొమ్మును కొంగున ముడేసుకుంది. దారం బిగిసిన చోట రబ్బరు లోతుగా కోసుకుపోయి, పెదవుల్లా తెరుచుకుని ఉంది. అతను మైకు వైర్లకు చుట్టే నల్ల టేపు దాని చుట్టూ గట్టిగా చుట్టాడు. కారు నిలబడింది. నిజంగా నిలబడింది, ఏ కాలూ వెయ్యకుండా. నాయిన కళ్లు తుడుచుకున్నాడు. పొగ అన్నాడు. పొగ ఉన్న మాట నిజమే.

గుండిగ జరిపి దారిచ్చారు. దవాఖాన మెట్ల దాకా తీసుకుపోయి, ఎర్రలైటేమీ లేకపోయినా నాయిన ఇంజను ఆపకుండా కాసేపు అలాగే ఉంచాడు, విందామని.

డాక్టరమ్మ పరీక్ష చేసి, బయటికొచ్చి, అమ్మను అడిగింది. "పొద్దున ఏం పెట్టారు?"

"గుడాలమ్మా. బలమని రెండు గిన్నెలు తినిపించిన." బబ్బెర్లు ఉడకబెట్టి తాలింపు వేస్తే గుడాలు. అమ్మ చేతి గుడాలు అందరికీ పడవు.

"నొప్పులు కావు. గ్యాస్. తీసుకుపోండి."

తిరుగుదారిలో చౌరస్తా దగ్గర అందరూ కూర్చుని తింటున్నారు. మా కారు చూసి మైకు మనిషి ఆకు పట్టుకునే లేచొచ్చాడు. "ఏం పుట్టింది సార్?"

బావ అమ్మ వైపు చూశాడు. అమ్మ తల ఊపింది, మాట్లాడొచ్చన్నట్టు.

"గ్యాసండి" అన్నాడు బావ.

అతను కాసేపు ఆలోచించి, అందరికీ తలా ఇంత కిచిడీ పెట్టించాడు. అక్కకు పెట్టలేదు.

పాప తర్వాతి వారంలో పుట్టింది. ఆ రోజు బంద్ లేదు. నాయిన కారు బయటికి తీసేలోపే గల్లీలోకి ఖాళీ ఆటో వచ్చింది, అక్క అందులో ఎక్కేసింది. నాయిన కారులో వెనక వెనకే వెళ్లాడు. దారిలో ఉన్న అన్ని ఎర్రలైట్ల దగ్గరా కారు చక్కగా నిలబడిందని పాపను ఎత్తుకుని మరీ చెప్పాడు.

మరుసటి దసరాకి అమ్మ కొత్త దారంతో బానెట్ ముందు నిలబడి, ఎక్కడ కట్టాలని అడిగింది. బ్యాటరీని పట్టి ఉంచే పట్టీకి కట్టమన్నాం. అది ఇనుపది, గాలి పోదు.