నాలుగని రాసి ఉన్న కెపాసిటర్

తొంభై నాలుగు ఏప్రిల్. ఉదయం ఆరున్నరకు భిలాయి పవర్ హౌస్ స్టేషన్‌లో దిగాను. ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట. సిగ్నల్స్ హవల్దారుగా, కాలేజీ క్యాడెట్లకు వైర్‌లెస్ నేర్పే యూనిట్‌లో రెండేళ్ల డ్యూటీ. స్టోరు తాళాలు కూడా నాకే ఇచ్చారు.

నా కింద ఒక నాయక్. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న. నన్ను ఉస్తాద్ అనేవాడు. వాళ్లదీ మా సిక్కోలే. తండ్రి స్టీల్ ప్లాంటులో కార్మికుడు, ఇల్లు భిలాయిలోనే, క్యాంప్ 1 బస్తీలో. నేను మెస్సులో రొట్టెలు నములుతుంటే, అతను సైకిలెక్కి అమ్మ చేతి అన్నానికి పోయేవాడు. అదైనా ఓర్చుకున్నాను. పన్నెండేళ్ల అనుభవంతో నేను తడుముకునే లెక్కను అతను రెండు నిమిషాల్లో లెక్క కట్టి చెప్పేవాడు. మేజర్ సాబ్ అతన్నే మెచ్చుకునేవారు. నాకు కళ్లు కుట్టాయి.

మే నెలలో ఇన్‌స్ట్రక్టర్ కోర్సుకు ఒక్క సీటు వచ్చింది. అది చేసినవాడికే ప్రమోషన్. మా ఇద్దరికీ సాబ్ పరీక్ష పెట్టారు. అంకె గీకేసిన కెపాసిటర్ చెరొకటి ఇచ్చారు. దాన్ని విలువ తెలిసిన మరోదానితో సిరీస్‌లో కలిపి, కరెంటిచ్చి, రెండింటి మీదా వోల్టేజీ కొలవాలి. విలువ తక్కువైనదాని మీద వోల్టేజీ ఎక్కువ పడుతుంది. ఆ నిష్పత్తితో తెలియనిదాన్ని తేల్చాలి.

విలువ తెలిసినవి స్టోరు నుంచి ఇవ్వాల్సింది నేను. మంచిది నేను ఉంచుకున్నాను. పాత కూలర్ మోటారులోంచి తీసింది అతనికిచ్చాను. పైన నాలుగు మైక్రోఫారడ్లు అని ఉంది. లోపల మూడే మిగిలిందని అంతకు ముందు వారమే కొలిచి చూశాను.

"ఏటి ఉస్తాద్, పాతదిలాగుంది. ఓసారి చెక్ చేసుకోనా?"

"నేనిచ్చింది చెక్ చేస్తావేటిరా?"

"అరె, నహీ ఉస్తాద్. మీరిచ్చాక ఇంకేటి చూసీది."

పదకొండింటికి మొదలుపెట్టాం. రేకుల షెడ్డు, నలభై నాలుగు డిగ్రీలు. అతని మీటరులో తెలిసినదాని మీద నూట ఐదు, తెలియనిదాని మీద నూట ఇరవై ఆరు. నాలుగును నూట ఐదుతో గుణించి, నూట ఇరవై ఆరుతో భాగించాడు. మూడు పాయింట్ మూడు. సాబ్ దగ్గరున్న జవాబు కాగితంలో ఇద్దరి కెపాసిటర్ విలువా రెండున్నరే. నాకు రెండున్నరే వచ్చింది.

"నీ నుంచి ఇది అనుకోలేదు," అని సాబ్ అతనితో హిందీలో అని వెళ్లిపోయారు.

కోర్సుకు నేను వెళ్లాను. సుబేదారుగా రిటైరై సిక్కోలు తిరిగొచ్చాను. ఊళ్లోవాళ్లు సరిహద్దు కబుర్లు అడుగుతారు. మంచు గురించి, కాపలా గురించి చెబుతాను. భిలాయి ఊసెత్తను.

పరీక్ష జరిగిన ఆ మధ్యాహ్నం, అందరూ భోజనానికి పోయాక తాళం వేయడానికి షెడ్డుకు వెళ్లాను. అతను బోర్డు ముందు ఒక్కడే ఉన్నాడు. అదే లెక్క చెరిపి, మళ్లీ మొదటి నుంచి వేస్తున్నాడు. చొక్కా నిండా సుద్ద.

"ఎక్కడ తప్పీసానో దొరకట్లేదు ఉస్తాద్. మీరొకపాలి చూసి చెప్పరా?"

చాలాసేపు బోర్డు చూసినట్టు నటించాను. గుణకారం సరిచూసుకోమన్నాను. అతను తలూపి, సుద్దముక్క మళ్లీ అందుకున్నాడు.