దూలం మార్చని వానకాలం

ఇల్లు కిరాయికి ఇచ్చేవాళ్లు నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. కప్పు కురిస్తే ఎవరు బాగు చేయించాలి, ఎట్లాంటి వాళ్లకు ఇవ్వాలి, వద్దనుకుంటే ఎట్లా ఖాళీ చేయించాలి అని. నేను చదివింది రెండో తరగతి వరకే. ఈ సంగతుల్లో నాకు తెలిసిందంతా కోస్గిలోని మా మట్టి మిద్దె నేర్పిందే.

మా ఆయన పోయాక నాకు మిగిలింది ఆ ఇల్లొక్కటే. నడిమింట్లో నేను ఉండి, వీధి వైపు గది కిరాయికి ఇచ్చేదాన్ని. నా జొన్నలు, నా నూనె ఆ గదిలోంచే రావాలి. అందుకని ఎవరు దిగినా ముందే కచ్చితంగా చెప్పేదాన్ని. గోడకు మేకు కొట్టవద్దు, మిద్దె మీద రోలు పెట్టవద్దు, నా ఇంట్లో పురుడు పోసుకోవద్దు. ఆ చివరి మాట మా వాడలో ఇళ్లున్న ఆడవాళ్లందరూ అనేదే. పురుడంటే ఇల్లంతా మైల, ఇంటామెకు చాకిరి. కాన్పు పుట్టింట్లో కావాలి.

నందికొండ దగ్గర కృష్ణకు కట్ట కడుతున్న రోజులవి. అక్కడ రాతి పనికి పోయే ఒకతను పెళ్లాన్ని తెచ్చి మా గదిలో దింపాడు. అతను ఎప్పుడో ఒకసారి వచ్చి పోయేవాడు. ఆ పిల్ల మగ్గాల వాళ్లకు నూలు కండెలు చుట్టేది. రాట్నం చప్పుడే తప్ప మనిషి చప్పుడు వినిపించేది కాదు. వాకిలి నేను లేవకముందే ఊడ్చి ఉండేది. మంచి మనిషి దొరికిందని లోపల సంతోషమే. పైకి మాత్రం అనలేదు. అంటే నెత్తికెక్కుతారని నా భయం.

మట్టి మిద్దెకు వానలకు ముందు ఒక పని తప్పదు. చౌడు మన్ను బండితో తోలించి మిద్దె మీద పరవాలి. అది తడిసి బిగుసుకుంటే నీళ్లు కిందికి దిగవు. మన్ను తెప్పించడం ఇంటివాళ్ల వంతు, మోసి పరవడం కిరాయివాళ్ల వంతు. మా వాడలో అదే కట్టుబాటు. ఆ ఏడు మన్ను పోయించేముందు చూద్దామని మిద్దె ఎక్కాను. వీధి గది మీద అడుగు వేస్తే కాలు మెత్తగా దిగింది.

గబగబా కిందికి వచ్చి గది తలుపు తట్టాను. లోపల పైకప్పు కింద ఒక పాత చీర అడ్డంగా కట్టి ఉంది. దాని నడుమ మన్ను చేరి జోలెలాగా వేలాడుతోంది. ఆ పిల్ల కొంగు ఒళ్లంతా కప్పుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

"గిదేంది పిల్లా?"

"ఏం లేదు పెద్దమ్మా. జర మన్ను రాలుతాంది."

"ఎప్పటిసంది?"

"మొన్నటిసంది."

"మొన్న కట్టిన చీరల గింత మన్ను పడ్డదా? నాకు కండ్లు లేవనుకున్నవా?"

చీర విప్పి, పీట ఎక్కి, తాళంచెవితో దూలాన్ని పొడిచాను. పిండిలో దిగినట్టు దిగింది. లోపలంతా చెదలే. కోపంతో వెనక్కి తిరిగేసరికి ఆ పిల్ల కొంగు జారింది. కడుపు కనబడింది.

"ఎన్నో నెల?"

"ఏడు."

"చెప్పనీకేమైంది?"

"పురుడు పోసుకోవద్దంటిరి. దూలం సంగతి చెప్తే వడ్లాయన్ను పిలుస్తరు, అప్పుడు గిది బయటవడ్తది, ఖాళీ చెయ్యమంటరు అనుకున్న."

"మీ అమ్మగారింటికి పోరాదా?"

"అమ్మ ఉంటే గిన్ని మాటలెందుకు పడుత పెద్దమ్మా?"

పీట దిగాను. కడుపుతో ఉన్న మనిషి ఉన్న ఇంట్లో దూలం దించరు, గుంత తవ్వరు, మేకు కొట్టరు. కడుపుతో ఉన్న మనిషి ఇల్లు కూడా మారదు. దూలం మార్చాలంటే ఆమె పోవాలి. ఆమె పోవడానికి దారి లేదు. వాన వస్తే కప్పు నిలుస్తుందో లేదో తెలియదు.

వడ్రంగం చేసే వడ్లాయన్ను పిలిపించాను. నేను చెప్పిందంతా విని ఆయన నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"దించొద్దు, తవ్వొద్దు, కొట్టొద్దు. మరి నన్నెందుకు పిలిచినవక్కా, దూలం దిక్కు చూసి ఏడ్వనీకా?"

"ఏడ్సుడు తర్వాత. గుంత తియ్యకుండ, దూలం కింద బండ మీద గుంజ నిలవెట్టు."

"నిలవెడుత. బరువెక్కువైతే నేను జిమ్మేదారు కాదు."

అందుకని ఆ గది మీద కొత్త మన్ను వేయించలేదు. గుంజ నిలబెట్టాక కూడా నా మనసు ఒప్పలేదు. నడిమింటికీ ఆ గదికీ నడుమ ఒక తలుపు ఉంది. దానికి అడ్డంగా నా బట్టల సందూక పెట్టె ఉండేది. దాన్ని పక్కకు జరిపాను. బయటి గడప రెండింటికీ ఒక్కటే. లోపలి తలుపు దాటితే ఇల్లు మారినట్టు కాదు కదా.

"నీ రాట్నం తీసుకొని గిటు రా. నడిమింట్ల ఉండు."

"మీరేడ పంటరు పెద్దమ్మా?"

"నా ఇంట్ల నేను యాడనన్న పంట. నిన్నడగాల్నా? కిరాయి మాత్రం గదికే తీసుకుంట, నడిమింటిదని ఎక్కువడగ."

ఆ పిల్ల నవ్వడం అదే మొదటిసారి చూశాను.

వానకాలమంతా నేను ఆ గుంజ పక్కనే పడుకున్నాను. కురిసిన చోటల్లా గిన్నెలు పెట్టాను. ఆ పిల్ల రొట్టె పట్టుకుని నడిమి తలుపు దగ్గరికి వచ్చేది. "గీ తలుపు దాటి ఇటు కాలు పెట్టినవంటే ఖాళీ చేయిస్త" అని కసిరేదాన్ని. అక్కడే నిలబడి చెయ్యి చాపి ఇచ్చేది. నేను తినేదాకా పోయేది కాదు.

ఒక ముసురు పట్టిన పొద్దున నొప్పులొచ్చాయి. మంత్రసానిని పిలుచుకొచ్చింది నేనే, నీళ్లు కాచింది నేనే. ఆడపిల్ల పుట్టింది, నా నడిమింట్లో. మైల అని ఎవరన్నా అన్నారేమో, నాకు వినిపించలేదు.

పురుడు తీరాక వడ్లాయన వచ్చి పాత దూలం దించి, కొత్తది ఎక్కించాడు. పాతది పారేస్తానంటే నేను ఒప్పుకోలేదు. ముక్కలు కొట్టించి పొయ్యి పక్కన పేర్పించాను. బాలింతకూ బిడ్డకూ రోజూ వేడినీళ్లు కావాలి, కట్టెలు కొనడమెందుకు?

ఒకరోజు నేను బిడ్డను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తుంటే ఆ పిల్ల పక్కన నిలబడి మెల్లగా అడిగింది.

"దూలమైతే అయిపాయె. ఇగ మేము ఖాళీ చెయ్యాల్నా పెద్దమ్మా?"

"ఇంకా పొయ్యి పక్కన గన్ని కట్టెలున్నయి. వాటితోని నీళ్లు ఎవరికి కాగబెట్టాలె నేను? ఆ తువ్వాల అందుకో, పిల్లకు సలి పెడ్తాంది."