వెనక్కి నడవని ఏరు

యూనివర్సిటీ గేట్లకు తాళాలు పడిన ఆ ఏళ్ళలో మా ఊళ్ళో రేషను లేకుండా దొరికిన సరుకు ఒక్కటే: తీరిక. ఉద్యమం అణిగింది, కర్ఫ్యూ మిగిలింది, బయటి దేశాల నుంచి ఉత్తరాలు రావడం మానేశాయి, రంగూన్ అన్న పేరును కూడా యాంగోన్ అని మార్చారు (మా వీధిలో గుంతలు మాత్రం పాత పేరుతోనే ఉన్నాయి). భూగోళశాస్త్రం రెండో ఏడు మధ్యలో ఆగిపోయిన నాకు మిగిలిన విద్యాసంపద, లైబ్రరీకి తిరిగి ఇవ్వడానికి వీల్లేకపోయిన ఒక పుస్తకం. ఫ్రాన్సులో ఒక చిన్న ఏరు ఎటు పోతుంది, అందులో ఏ నెలలో ఎంత నీరు పారుతుంది అన్నదే దాని విషయం. షెల్ఫులో దాని పక్క పుస్తకం తీసుకుని ఉంటే అగ్నిపర్వతాల నిపుణుణ్ణి అయ్యేవాణ్ణి. ఎవరికీ నష్టం ఉండేది కాదు.

ఆ ఏరు నాకు మా అమ్మమ్మ ఊరికంటే బాగా తెలిసిపోయింది. కొండ కింద ఊటలో పుట్టి, పచ్చిక బయళ్ళలో వంకరలు తిరిగి, మూడు పాత పిండిమరలను తిప్పి, మర్యాదగా ఒక పెద్ద నదిలో కలుస్తుంది. వాన కురిసిన రోజున పొంగిపోవడం దాని స్వభావం కాదు. ఆ నీళ్ళు సుద్దనేలలో ఇంకి, తాపీగా ఆలోచించుకుని, రెండు నెలల తరువాత బయటికి వస్తాయట. అందుకే చలికాలంలో నిండుగా ఉంటుంది, వేసవి చివర పలచబడుతుంది. టీ కొట్లో ఇదంతా నేను చెబుతుంటే జనం వినేవారు. (రాజకీయాలు మాట్లాడకూడదు కదా, ఏదో ఒకటి వినాలి.) మా పేట పజుండౌంగ్‌లో నన్ను ‘ఫ్రాన్సు బాబు’ అనడం మొదలుపెట్టారు. అది వెటకారమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

అప్పుడు వినాయక చవితి వచ్చింది. అంతకు ముందు ఏడాది అల్లర్లలో నిమజ్జనమే జరగక, ఆ గణపతి బజారు పేట పబేడాన్‌లో మా మావయ్య మసాలా కొట్టు వెనక గదిలో ఉండిపోయాడు. ఏడాది పొడుగునా మావయ్యకు మోకాళ్ళ నొప్పులొచ్చినా, ధనియాలకు పురుగు పట్టినా కారణం ఆయనే. కాబట్టి ఈసారి పాతాయన, కొత్తాయన ఇద్దరూ మా పేట కాలువలో కలవాల్సిందే. కానీ నలుగురికి మించి గుమిగూడకూడదని నిషేధం. వార్డు ఆఫీసు ఎనిమిది మందికి ఒక్క గంట అనుమతిస్తామంది. అది ఏ గంటో, ఎందుకో చదువుకున్నవాళ్ళు రాసి సంతకం పెట్టాలట.

ఏటా ఆ గంట చెప్పేది లాంచీ తాత. రేవులో నలభై ఏళ్ళు లాంచీ నడిపిన మనిషి. తిథిని వేళ్ళ మీద లెక్కపెట్టి ఫలానా వేళ అనేవాడు, అందరూ కదిలేవారు. అయితే తాతది వేలిముద్ర. “నువ్వు రాసీరా, కాలేజీ సదివినోడివి, నీకు తెల్దేటి?” అన్నాడు మావయ్య. తెలియదని చెప్పే అలవాటు నాకప్పటికి లేదు. వర్షాకాలం చివర గనుక కాలువ సంపూర్ణ ప్రవాహంతో ఉంటుందనీ, సంపూర్ణ ప్రవాహంలో కలపడం మా ఆచారమనీ బర్మీస్‌లో గంభీరంగా రాసి, ఐదో రోజు మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు అని వేశాను. (మూడు ఎందుకంటే, మావయ్య కునుకు తీసి లేచేది రెండున్నరకి.)

ఆ సంగతి విని తాత నన్ను తన గుమ్మంలో ఆపాడు.

“బాబూ, నీ పుస్తకంలో ఏరు రోజుకి ఎన్నిసార్లు ఎనక్కి నడుస్తాది?”

“ఏరు వెనక్కి నడవదు తాతా. పల్లానికే పోతుంది.”

తాత కిళ్ళీ దవడ మార్చుకుని, “అలాగేటి” అని లోపలికెళ్ళిపోయాడు. ఒప్పుకున్నాడనుకున్నాను.

ఐదో రోజున ఇద్దరు గణపతులూ రెండు సైక్కా రిక్షాల మీద, పాటలూ డప్పులూ లేకుండా, పెద్దమనుషుల్లా ఊరేగుతూ సరిగ్గా మూడింటికి కాలువ ఒడ్డుకు చేరారు. కాలువ లేదు. బురద ఉంది. దాని నడుమ చెంబెడు నీళ్ళు, పక్కకు ఒరిగి పడుకున్న సంపాన్ పడవ. సంపూర్ణ ప్రవాహం ఎక్కడుందో చూద్దామని నేనే ముందు దిగాను. మోకాలి దాకా కూరుకుపోయి, ఎటూ కదలలేక అక్కడే నిలబడ్డాను. సముద్రం పోటుకి రోజుకు రెండుసార్లు నిండి, రెండుసార్లు ఖాళీ అయ్యే కాలువ పక్కన పుట్టి పెరిగాను నేను. పిండిమరల ధ్యాసలో గమనించలేదు.

మావయ్య నన్ను తిట్టలేదు. పాత గణపతి వైపు చూసి, “మళ్ళీ మా ఇంటికేనా బాబూ” అన్నాడు. అది విన్నాక, ఆ బురద ఇంకొంచెం లోతుగా ఉంటే బాగుండేదనిపించింది.

కాపలాకొచ్చిన వార్డు గుమాస్తాను అందరం సయా అని పిలిచేవాళ్ళం, అంటే గురువుగారని. డెల్టా వైపు మనిషి. ఆయన గడియారం చూశాడు, నన్ను చూశాడు. మూడింటికి ఇక్కడ నీళ్ళుండవని తనకు కాగితం చదివినప్పుడే తెలుసునన్నాడు. మరి చెప్పలేదేమని అడిగితే, “మీ దేవుడికి బురద ఇష్టమేమో అనుకున్నాను” అన్నాడు, ఏ మాత్రం నవ్వకుండా. తరువాత నా కాగితం తీసి మళ్ళీ చదివాడు. ఇందులో సమయం ఒకటి చెబుతోంది, సంపూర్ణ ప్రవాహం అన్న మాట ఇంకొకటి చెబుతోంది, రెండూ పొసగడం లేదు, తను ప్రవాహాన్నే పాటిస్తానని చెప్పి, సైక్కాలో గణపతి పక్కన కూర్చుని చుట్ట వెలిగించాడు.

నన్ను తాడుతో పైకి లాగారు. కాసేపటికి, మాతోపాటే వచ్చిన తాత నా భుజం మీద చెయ్యి వేసి, “అదిగో సూడు” అన్నాడు. కింది నుంచి గుర్రపుడెక్క గుంపు ఒకటి నెమ్మదిగా ఎగువకి వస్తోంది. దాని వెనక నీళ్ళు. ఒరిగిన సంపాన్ మెల్లగా లేచి నిలబడింది. ఇంకా పొద్దుండగానే ఇద్దరు గణపతులూ నడుం లోతు నీళ్ళలో మునిగారు. బంతిపూల దండలు మాత్రం సముద్రానికి పోకుండా ఊళ్ళోకి ప్రయాణం కట్టాయి. అలాగేటి అని మళ్ళీ అంటాడేమో అని చూశాను. తాత నా కాళ్ళ బురదకి చెంబుతో నీళ్ళందించాడు. అంత మర్యాద నాకు అవసరం లేదు.

యూనివర్సిటీ తెరిచాక పుస్తకం తిరిగి ఇవ్వబోతే, అది పోయిన పుస్తకాల జాబితాలో చేరిపోయిందనీ, దొరికితే చిక్కనీ పంపేశారు. ఇప్పుడది తామ్వే పేటలో మా ఇంట్లో ఉంది. ఆ ఏరును నేనింతవరకూ చూడలేదు, ఇక చూడను కూడా. చివరి అట్ట లోపల పెన్సిలుతో, తాత చెప్పగా రాసుకున్న ఒక్క వాక్యం ఉంది: తిథి తిథికీ పోటు రెండు గడియలు ఆలస్యం. చవితికి వార్డులో ఇప్పటికీ నన్నే వేళ అడుగుతారు. నేను వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతాను. చెప్పాక, ఎవరూ చూడకుండా ఒకసారి ఒడ్డుకెళ్ళి నీళ్ళు చూసి వస్తాను.