బిగించడం తప్ప తెలియని మా బావ

మా బావ కూనిరాగం తీస్తే లారీ సీట్లు వాటంతట అవే బిగుసుకుంటాయి. నమ్మకపోతే మా కొట్టుకొచ్చి చూడండి. పల్లవికి మోటార్‌సైకిలు సీటు అయిపోతుంది, చరణానికి డ్రైవరు సీటు. ఇందులో అబద్ధం ఉంటే నా చదువు మీద ఒట్టు. ఎనిమిదో తరగతి పుస్తకాలు తెరవకుండానే బడి మానేసినవాణ్ణి కాబట్టి ఆ ఒట్టుకి పెద్ద ప్రమాదమేమీ లేదు, అది వేరే సంగతి.

బావ అంటే మా అక్క భర్త. బళ్లకి సీట్లు కుట్టడం ఆయన పని. నేను స్పాంజి కోస్తాను, కబుర్లు చెబుతాను. జనం ఎక్కువగా వచ్చేది రెండోదానికే. అయినా బావ పని చూసి తీరాలి. నోట్లో గుప్పెడు చిన్న మేకులు పోసుకుంటాడు. సీటు చట్రం మీద మోకాలు అదిమి, రెక్సిన్ అంచు పిడికిట పట్టి, దవడలు బిగించి లాగుతాడు. వేలితో కొడితే తబలాలా మోగాలి. అప్పుడు నాలుకతో ఒక మేకు పెదాల మధ్యకి తోస్తాడు, తీసి సుత్తితో ఒక్కటిస్తాడు. మా కొట్లో బిగువు అంటే మెచ్చుకోలు, వదులు అంటే తిట్టు.

అంతా అయ్యాక ఆయనే దాని మీద కూర్చుంటాడు. కళ్లు మూసుకుని, పక్కింటి గొడవ వింటున్నవాడిలా కాసేపు అలా ఉంటాడు. "ఊఁ" అంటే సీటు బయటికి, "ఉఁహుఁ" అంటే మళ్లీ విప్పుడు. ఆయన కూర్చుని చూడని సీటు ఇంతవరకూ మా గుమ్మం దాటలేదు.

అలాంటి మనిషికి కూర్చుంటే మంట మొదలైంది. కటి లోపల ఒక నరం నొక్కుకుపోయిందని తేల్చి, ఆపరేషన్ చేసి దాన్ని విడిపించారు. మంట పోయింది. అక్క ఆ కబురు వీధంతా పంచింది. గాయం మానాక బావ ఆసుపత్రిలో కుర్చీ చూసుకుని ధీమాగా కూర్చోబోయి, కూర్చున్నంత వేగంగానూ లేచాడు. ఈసారి మంట కాదు. వెన్నెముక చివర, తోక ఎముక దగ్గర, మేకు దిగినట్టు పోటు.

"నరం బాగానే ఉంది, ఎముకా బాగానే ఉంది," అన్నాడు డాక్టరు. "ఇన్నాళ్లూ నొప్పికి భయపడి చుట్టూ ఉన్న కండరాలు ముడుచుకుపోయాయి. ఇంకా విడవలేదు. తోక ఎముకని పట్టి లాగుతున్నాయి. దీనికి కత్తి పనికిరాదు, ఫిజియోథెరపీ చేయించుకోండి."

"తోకా?" అన్నాను నేను. "అక్కా, పెళ్లిచూపుల్లో సరిగ్గా చూసుకోలేదా?"

అక్క నా వీపు మీద ఒకటిచ్చింది. బావ మాత్రం నవ్వలేదు.

ఈలోగా కొట్లో సీట్లు పేరుకుపోయాయి. కుట్టు మిషను కింద దిమ్మలు పెట్టి ఎత్తు చేసుకుని బావ నిలబడే కుట్టేవాడు. కూర్చుని చూడటం ఒక్కటే మిగిలిపోయేది. ఆ పని నేను చేస్తానన్నాను. నేను కూర్చోవడంలో ఎంతటివాణ్ణో మా పేటలో ఎవర్నడిగినా చెబుతారు.

"నువ్వు ఎక్కడ కూర్చున్నా నిద్రపోతావు," అన్నాడు బావ. "నీ మాట నమ్మి సీటిస్తే ఆ డ్రైవరూ నిద్రపోతాడు."

ఒకరోజు పొద్దున్నే కొట్టు తాళాలు అక్క చేతిలో పెట్టాడు. "ఇవి నీ దగ్గరుంచు. ఈ వైద్యంతో కూడా నయం కాకపోతే కొట్టు అమ్మేద్దాం. కూర్చోలేనివాడికి సీట్ల పనెందుకు?" నవ్వుతూ అనుంటే నేనూ నవ్వేసేవాణ్ణి. నవ్వుతూ అనలేదు.

ఫిజియోథెరపీ చేసే ఆవిడ బారెడు కూడా ఉండదు గానీ, బొటనవేలితో నొక్కిందంటే గోడలు కూడా నిజం చెప్పేస్తాయి. బావని పక్కకి పడుకోబెట్టి, తుంటి దగ్గర ముడులు వెతికి మరీ నొక్కేది. వెల్లకిలా పడుకుని, పిక్కలు స్టూలు మీద పెట్టుకుని, పొట్ట పొంగేలా ఊపిరి పీల్చమనేది. "పీల్చేటప్పుడు కింద కండరాలు వదులు చెయ్యండి. ఇంకా వదులు." ఆవిడకి వినపడకుండా మేము వదులమ్మ అని పేరు పెట్టేశాం.

బావ ఇంట్లో పూటపూటా చేశాడు. నొప్పి తగ్గకపోగా పెరిగింది. వదులమ్మకి ఏమీ అర్థం కాలేదు.

"ఇంట్లో ఎలా చేస్తున్నారో ఒకసారి చెప్పండి."

"మీరు చెప్పినట్టేనమ్మా. ముందు వదులు చేస్తాను. వెంటనే గట్టిగా బిగించేస్తాను."

"బిగించమని నేనెప్పుడు చెప్పానండీ?"

"అది వేరే చెప్పాలా అమ్మా? వదులైనదాన్ని అలా వదిలేసి ఎవడైనా ఊరుకుంటాడా?"

వదులమ్మ తల పట్టుకుంది. అక్క గోడవైపు తిరిగి భుజాలు ఊగేలా నవ్వింది.

ఆ గదిలో రోగుల్ని పడుకోబెట్టే బల్ల ఒకటుంది. దాని అంచున రెక్సిన్ చిరిగి స్పాంజి నోరు తెరిచి ఉండేది. వెళ్లినప్పుడల్లా బావ నొప్పి కంటే దాన్ని చూసే ఎక్కువ బాధపడేవాడు. ఆ తర్వాతిసారి సుత్తి, మేకులు, రెక్సిన్ ముక్క పట్టుకొచ్చాడు. "ఇక నావల్ల కాదమ్మా, పక్కకి జరగండి," అని మేకులు నోట్లో పోసుకుని లాగడం మొదలుపెట్టాడు.

వదులమ్మ చూస్తూ చూస్తూ దగ్గరికొచ్చి ఆయన నడుం మీద అరచెయ్యి వేసింది.

"కదలకండి. ఊపిరి ఏదీ?"

"ఊఁ," అన్నాడు బావ మేకుల్లోంచి.

"దవడ రాయిలా ఉంది. నడుం రాయిలా ఉంది. ఇక కింద కండరాలు ఎలా ఉంటాయి? లాగినప్పుడల్లా ఇంతేనా?"

"ముప్పై ఏళ్లనుంచీ ఇంతేనండీ," అన్నాను ఆయన తరఫున, గర్వంగా.

"నేనిక్కడ అరగంట వదులు చేస్తే, ఈయన రోజంతా బిగిస్తున్నారన్నమాట. ఆ మేకులు బయటికి తీయండి. ఏదైనా పాడుతూ లాగండి. పాడుతుంటే ఊపిరి బిగబట్టలేరు."

బావకి పాటలు రావు. అయినా గొంతు సవరించుకుని అందుకున్నాడు. పాత కంప్రెసరు మొదలైనట్టుంది. వరండాలో కర్రల మీద నడుస్తున్న ఒక పెద్దాయన కర్రలు లేకుండా పారిపోయాడు. వదులమ్మ మాత్రం చెయ్యి తీయలేదు.

"అదీ! ఇప్పుడు వదిలింది. తెలిసిందా మీకు?"

బావ పాట ఆపేసి బల్ల అంచు మీద వేలితో కొట్టి చూశాడు. మోగింది.

"రెక్సిన్ బిగువుగానే వచ్చిందే!" అన్నాడు, ఎవరో మోసం చేసినట్టు మొహం పెట్టి. గుడ్డ బిగియడానికి మనిషి బిగుసుకోనక్కర్లేదని ఆయనకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఆ రోజునుంచి మేకులు నోట్లోంచి పాత స్పీకరు అయస్కాంతం మీదికి మారాయి. లాగుడికీ లాగుడికీ కూనిరాగం. ఇంట్లో వ్యాయామం కూడా వదలడం దగ్గరే ఆగిపోయింది. తోక ఎముకకి తగలకుండా వెనక కోత పెట్టిన మెత్త ఒకటి తనే కుట్టుకుని, దాని అంచు చుట్టూ ఎర్ర పైపింగ్ కూడా వేశాడు. నొప్పి ఒకరోజు తగ్గేది, మర్నాడు మళ్లీ అలిగి వచ్చేది. అలా అలా చాలాకాలానికి వదులమ్మ, "ఇక మీ సీట్ల మీద కూర్చుని చూడండి," అంది.

బస్సు డ్రైవరు సీటు ఒకటి కిందికి దించాం. అక్క తాళాలు పట్టుకుని నిలబడింది. బావ కొంచెం ముందుకి వంగి, రాగం తీస్తూ, మెల్లగా దిగాడు. ఈసారి ఊపిరి బిగబట్టింది మేమిద్దరం.

కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి, "ఉఁహుఁ," అన్నాడు.

అక్క మొహం వాడిపోయింది. "నొప్పెడుతోందా అండీ?"

"ఉందిలే, కొంచెం. ఓర్చుకోవచ్చు. ఉఁహుఁ అన్నది దానికి కాదు. ఎడంపక్క స్పాంజి పల్చగా ఉంది. ఎవడు కోశాడిది?"

కోసింది నేనే. తిట్లు తిని అంత సంతోషపడ్డ రోజు నా జీవితంలో ఇంకోటి లేదు. అక్క వెళ్లి తాళాలు కొట్లో వాటి పాత మేకుకే తగిలించింది.

ఇప్పుడు బావ కాసేపు కూర్చుంటాడు, లేచి నాలుగడుగులు వేస్తాడు, మళ్లీ కూర్చుంటాడు. సీట్లు గుమ్మం దాటుతున్నాయి. నిన్న ఒక లారీ డ్రైవరు వస్తే, బావ రాగానికి సీట్లు ఎలా బిగుసుకుంటాయో పూసగుచ్చినట్టు చెప్పాను. అతను నోరు తెరుచుకుని వింటున్నాడు. బావ తలెత్తకుండానే అన్నాడు:

"పాటకి సీటు బిగియదు. చేత్తో లాగితే బిగుస్తుంది. ఊపిరి ఆడటానికే నేను ఆ చప్పుడు చేసేది. అయినా అది పాట కాదు, మూలుగు."