గంటకు నిలిచిన సైకిల్

మొన్న కోలారు పక్కన తమకలో ఒక ఆసుపత్రివాళ్లు నన్ను చక్రాల్లేని సైకిల్ ఎక్కించారు. ఈ వయసులో నాకు సైకిల్ పందెమేంటి తల్లీ అంటే, నా మనవరాలి ఈడు డాక్టరమ్మ నవ్వి, "పందెం కాదు ఆంటీ, మీ గుండె ఎంత శ్రమకు తట్టుకుంటుందో చూస్తాం, ఒకే వేగంతో తొక్కండి చాలు" అంది. ఏళ్ల తరబడి బడిపిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టినదాన్ని, ఉన్నచోటే కదులుతూ చెమటలు కక్కాను. మధ్యమధ్య ఆ యంత్రం ఠింగుమని మోగేది. ఆ చప్పుడు వినగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఛాతీలో నొప్పేమోనని డాక్టరమ్మ హడలిపోయింది. నొప్పి కాదమ్మా, మా నాయన గుర్తొచ్చాడు అన్నాను. పాపం, ఆ పిల్లకేం తెలుస్తుంది, కాసిని నీళ్లు తాగమంది.

మాది కోలారు బంగారు గనుల్లో కూలి లైను. తాతకాలంలో చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లం. గని తెల్లదొరల చేతుల్లోంచి సర్కారు చేతికి వచ్చిందని ఊరంతా సంబరపడ్డారట గానీ, మా రేకుల ఇల్లు మాత్రం ఎండాకాలం పెనంలా కాలడం మానలేదు, బంగారం తీసేశాక మిగిలిన పిండిరాయి పోసే సైనైడ్ గుట్ట మీంచి లేచే తెల్లదుమ్ము అన్నంలో పడడమూ మానలేదు. నాయనకు ఒక్కడే తమ్ముడు. ఆయనకు గౌనిపల్లిలో పిల్లను చూసి, తాంబూలాలు పుచ్చుకుని, పందిరికి వాసాలు కూడా తెచ్చిపెట్టిన రోజుల్లో గనిలో బర్స్ట్ అయింది. అంత లోతున బరువు తాళలేక రాయి తనంతట తానే పేలి కూలడాన్ని మా దగ్గర బర్స్ట్ అంటారు. ఇంట్లో గిన్నెలు గలగలలాడితే చాలు, లైన్లలో ఆడవాళ్లంతా గుండెలు బాదుకుంటూ గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరుగెత్తేవాళ్లు. చిన్నాయన్ను బయటికి తీయలేకపోయారు. తవ్వేకొద్దీ కూలుతోందని చివరికి అక్కడే ఒక గోడ కట్టేశారు.

నాయన పనికి పోయే దారి ఆ గోడ పక్కనుంచే. రోజూ అక్కడ ఆగి, తమ్ముడికి ఇంటి సంగతులు చెప్పి పోయేవాడు. ఇదేదో పిచ్చి అని మాకెవరికీ తోచలేదు. మా ఇంట్లో అది పొద్దున్నే పళ్లు తోముకోవడంలాంటి పని. సద్ది క్యారియర్ అందిస్తూ అమ్మ, "మేక ఈనింది, రెండూ పెంటిపిల్లలే అని మీ తమ్మునికి చెప్పు" అనేది. నాయనతో పోట్లాడిన రోజున మాత్రం, "పో, నా మీద చాడీలన్నీ ఆయప్పకే చెప్పుకో పో" అనేది. నేను పది పాసయినప్పుడు ముందు చిన్నాయనకు చెప్పి వచ్చాకే నాయన లైనులో చక్కెర పంచాడు.

నేను టీచర్ ట్రైనింగులో ఉండగా, గని పనివాళ్ల ఊపిరి ఎలా ఉందో చూడడానికి పట్నం నుంచి డాక్టర్లు వచ్చారు. వాళ్లతోపాటు చక్రాల్లేని సైకిల్ ఒకటి కూడా వచ్చింది. ముందొక ఇనప చక్రం, దాని చుట్టూ పట్టీ. పట్టీ బిగిస్తే తొక్కుడు బరువెక్కుతుంది. ఎక్కువ సేపు తొక్కినవాడు గెలిచినట్టు కాదట. ఒకే బరువుకు, ఒకే వేగంతో తొక్కించి, నాడి ఎంత జోరుగా కొట్టుకుంటుందో చూసి, మనిషి ఒళ్లు ఎంత గాలిని వాడుకోగలదో అంచనా కడతారట. నాడి నిమ్మళంగా ఉన్నవాడు లోపలికి, లేనివాడు పైపనికి. ఈ మాట తెలియగానే లైన్లలో ఉన్న సైకిళ్లన్నిటికీ స్టాండు వేసేశారు! మగవాళ్లంతా గుమ్మాల ముందు ఉన్నచోటే తొక్కుతుంటే ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాయన కూడా పక్కింటి మామ సైకిల్ ఎక్కి, పిక్కలకు నూనె రాయించుకుని మరీ తొక్కాడు. నాలుగు తొక్కులకే దగ్గు తెర వచ్చేది. నవ్వుతున్న అమ్మ గబుక్కున లోపలికి పోయేది.

పరీక్షరోజు అమ్మ, నేను కూడా ఆసుపత్రికి పోయాం. నాయన ఎక్కాడు, తొక్కుతున్నాడు, ముఖంలో పెళ్లికొడుకు గాంభీర్యం. నిమిషం కాగానే, నాడి చూడమని నర్సుకు గుర్తుగా, డాక్టరు బల్లమీది గంట ఒకటి కొట్టాడు. నాయన టక్కున ఆపేశాడు. తొక్కమన్నారు, తొక్కాడు. మళ్లీ గంట, మళ్లీ ఆపేశాడు. డాక్టరుకు విసుగొచ్చింది. ఇతనికి ఓపిక చాలడంలేదని ఇంగ్లీషులో ఏదో అన్నాడు. అప్పుడు నాయన సీటు దిగకుండానే చేతులు జోడించి, "గంట కొట్టినాక ఎట్ల తొక్కేది సార్? ఒక గంటంటే నిలుపు. నిలపకపోతే మనిషి తెగిపోతాడు" అన్నాడు.

నర్సమ్మ లైన్లలో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ పకపకా నవ్వి, గనిలోకి మనుషుల్ని దింపే ఇనప బోనుకు, అదే కేజికి, గంటలే భాష అనీ, ఒక గంట మోగితే ఉన్నది ఉన్నట్టు ఆగాలనీ డాక్టరుకు చెప్పింది. ఆయనా నవ్వాడు. రేపు రమ్మన్నాడు, గంట లేకుండా చేయి ఎత్తి చూపిస్తానన్నాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో పండగే అనుకోండి. తప్పంతా గంటదే అని తేలిపోయింది కదా! నాయన వచ్చినవాళ్లకల్లా ఆ కథ చెప్పి చెప్పి నవ్వించాడు. అమ్మ రాగి సంగటికి తోడు కోడికూర చేసింది. "రేపు ఈ కథ వానికి చెప్పితే ఎంత నగుతాడో" అని నాయన పదేపదే అన్నాడు.

మర్నాడు గంట లేదు. డాక్టరు చేయి ఎత్తినప్పుడల్లా నాయన ఆపకుండా తొక్కుతూనే ఉన్నాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. పెదాలు నీలంగా మారాయి. నర్సమ్మ నాడి పట్టుకుని అంకె చెప్పేటప్పటికి ఆమె గొంతు సగానికి తగ్గిపోయింది. డాక్టరే వచ్చి పట్టీ వదులు చేసి, లెక్క అయిపోయాక కూడా నాయన మణికట్టు వదలకుండా నిలబడ్డాడు. నర్సమ్మ మాతో అంది: "కాళ్లు గట్టిగానే ఉండాయంట అప్పా. గాలే చాలడం లేదంట. దుమ్ము రొమ్ములో పేరుకునింది. ఇంగ లోపలికి వద్దంట."

నాయన సీటు దిగలేదు. "నిన్నటి మాదిరే గంట కొట్టుంటే బాగుండునమ్మా" అన్నాడు. "తప్పు గంటదే అనుకొని ఉందును." తరవాత దిగి డాక్టరు దగ్గరికి పోయాడు. "ఒక్క దినం పోనీండి సార్. లోపల మా తమ్ముడుండాడు. ఇంగ రానని చెప్పేసి వస్తాను."

డాక్టరు మంచివాడే. నాయన భుజం తట్టి, వచ్చీరాని తెలుగులో, "దానికి నువ్వు దిగడం ఎందుకు? షిఫ్టు అయ్యాక తమ్ముడే పైకి వస్తాడు కదా, అప్పుడు చెప్పు" అన్నాడు.

నర్సమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది. "అట్లే సార్" అని నాయన బయటికి వచ్చేశాడు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని, మేమిద్దరం చూస్తుండగా, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. బర్స్ట్ అయిన రోజున కూడా అలా ఏడవలేదని అమ్మ తరవాతెప్పుడో చెప్పింది.

నాయనకు దీపాలగదిలో పని ఇచ్చారు. దిగేవాళ్లకు దీపం అందిస్తూ, గోడ దగ్గర తమ్ముడికి చెప్పాల్సిన సంగతి కూడా అందించేవాడు. నా పెళ్లి కుదిరిన కబురు అలాగే పక్కింటి మామ చేత పంపాడు. మామ రిటైరయ్యాక ఇంకొకరు, ఆ తరవాత ఆ గోడ ఎక్కడుందో తెలిసినవాళ్లే లేకపోయారు. అదీ చాలలేదేమో, చివరికి గనే మూసేశారు. లోపలి నీళ్లు తోడే పంపులు ఆపేశారని పేపర్లో నేనే చదివి వినిపించాను. అప్పటికి నాయన మంచం దిగడంలేదు. నీళ్లు ఏ మట్టుకు వచ్చాయో కనుక్కోమని వచ్చినవాళ్లనల్లా అడిగేవాడు. ఎవరు చెప్పగలరు? ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, "ఈపాటికి గోడ కాడికి వచ్చింటాయమ్మా. వాడు తడుస్తా ఉంటాడు" అన్నాడు. దుప్పటి కింద ఆయన కాళ్లు పట్టుకుని కూర్చోవడం తప్ప నాకేం చేతనయింది!

రోజులు గడిచేకొద్దీ దుఃఖం తగ్గుతుందని ఓదార్చేవాళ్లంటారు. మా ఇంట్లో కాలం దుఃఖాన్ని ముట్టనే లేదు. దాన్ని మోసేవాళ్లను ఒక్కొక్కరినే తీసుకుపోయింది. ఇప్పుడు వానపడ్డ ప్రతిసారీ చిన్నాయన తడుస్తున్నాడే అనుకోవడానికి నేనొక్కదాన్నే మిగిలాను.