ఏరుడు గంప

మూడో చేప కూడా చచ్చిపోయిన రోజున నీళ్లను తిట్టడం మానేసి, చేపలు అమ్మినాయన్ని తిట్టడం మొదలుపెట్టాను. అప్పటికి రెండు నెలలుగా నా పని అదే. ముందు నల్లా నీళ్లలో క్లోరిన్ ఎక్కువైందన్నాను. బకెట్లలో పట్టి, రెండు రోజులు ఆగి తొట్టిలో పోశాను. తర్వాత ఫిల్టరు సరిగా లేదని కొత్తది బిగించాను. చేపలు మాత్రం ఒకదాని వెనక ఒకటి తిండి మానేసి, పొట్ట ఉబ్బి, ఓ మూలకు చేరి చచ్చిపోతూనే ఉన్నాయి. బడిలో సైన్సు చెప్పేవాణ్ణి నేను. ఇంట్లో ఐదు చేపల్ని బతికించుకోలేకపోయానంటే వినేవాళ్లకు నవ్వు రాక ఏమొస్తుంది?

ఆ తొట్టి అమ్మ కోసం కొన్నది. మోకాళ్ల ఆపరేషన్ అయ్యాక ఆమె మేడ దిగడం మానేసింది. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని మనుషుల కోసం ఎదురుచూసేది. గోల్డ్‌ఫిష్‌లు వచ్చాక ఆ ఎదురుచూపు పోయింది. పొద్దున లేస్తే దేవుడి కంటే ముందు వాటికే పలకరింపు. వాటిలో పెద్దది, తోక చివర తెల్లగా ఉన్నది, అమ్మ అద్దానికి వేలు ఆనిస్తే ఈదుకుంటూ వచ్చి ఆ వేలి దగ్గరే నిలబడేది. "అది నన్ను గుర్తువడ్తది రా" అనేది. మూడు పోయాక ఆ పెద్దదీ, ఇంకో చిన్నదీ మిగిలాయి. చిన్నది పోయినా తట్టుకుంటుంది కానీ పెద్దది పోతే అమ్మ మళ్లీ ఆ కుర్చీలో ఎలా కూర్చుంటుందో నాకు తెలుసు. నా చిరాకంతా ఆ భయంలోంచి వచ్చిందే.

మా ఇంట్లోకి గుడ్డు కూడా రాదు. కొన్న మేత డబ్బా మీద "చేపల పొడి" అని రాసి ఉంటే, చదివి వినిపించిన తెలివితక్కువవాణ్ణి నేనే. "చేపకు చేపనే తినవెడ్తరా? థూ!" అని అమ్మ ఆ డబ్బాను గడప దాటనివ్వలేదు. తనే మేత తయారు చేసింది. వేయించిన పల్లీలు మెత్తగా దంచి, ఉడికిన బఠాణీలూ పాలకూరా కలిపి, ఆవాలంత ఉండలు చేసి ఎండబెట్టేది. ఉస్మాన్‌గంజ్‌లో మాకు తాతల నాటి పల్లీల దుకాణం ఉంది. ఇప్పుడు అన్న చూసుకుంటాడు. పల్లీలకు మాకేం కరువు?

చచ్చిన చేపను కాగితంలో చుట్టుకుని, పత్తర్‌గట్టి వెనక సందులో ఉన్న చేపల దుకాణానికి కోపంగా వెళ్లాను. ఆ భాయ్ నా లొల్లి అంతా ఓపిగ్గా విన్నాడు. నేను సీసాలో తెచ్చిన నీళ్లు పరీక్షించాడు.

"పానీ మంచిగనే ఉన్నది సార్. ఏం తినవెడ్తున్నరు?"

చెప్పాను. మా అమ్మ చేతి మేత అనీ, అంతా శాకాహారమనీ, మందూ మాకూ ఏమీ లేదనీ కాస్త గొప్పగానే చెప్పాను.

"పల్లీలు?"

"మా దుకాణంవే."

"అమ్మేటియా, పక్కకు తీసేటియా?"

మా దుకాణం అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లు చాటలు ముందు పెట్టుకుని రోజంతా పల్లీలు ఏరుతారు. ముడుచుకుపోయినవీ, నల్లబడ్డవీ, పచ్చగా బూజు పట్టినవీ తీసి పక్కన గంపలో వేస్తారు. దాన్ని ఏరుడు గంప అంటాం. అందులోంచి ఒక పిడికెడు కూడా కొనడానికొచ్చే గిరాకీలకు పోదు. మా తాత పెట్టిన నియమం అది. ఆ శుభ్రత వల్లే గంజ్‌లో మాకు పేరు. ఆ గంపే సాయంత్రం ఇంటికి వస్తుంది. అందులోవే అమ్మ చేపలకు దంచింది. ఆ సంగతే చెప్పాను.

"బూజు కడిగితే పోతది సార్, దాని జహర్, గదే విషం, పోదు. నిప్పుల మీద ఏంచినా పోదు. ముందు కలేజా, అంటే లివర్, ఖరాబ్ చేస్తది" అన్నాడు భాయ్. "మా దుకాణంల చేపల దాణా తడిసి బూజు పట్టినప్పుడు గిట్లనే మస్తు చేపలు పోయినయి."

బూజుల గురించి ఏటా తొమ్మిదో తరగతికి చెబుతాను. బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెబుతాను. ఆ పూట నా మీద నాకు వచ్చినంత కోపం జీవితంలో ఎవరి మీదా రాలేదు.

అక్కణ్ణించి నేరుగా దుకాణానికి వెళ్లి, ఆ గంపను ఇకనుంచి చెత్తలో పారబోయమని అన్నకు చెప్పాను.

"తినేటిది పారేస్తరా ఎవరన్న? చేపలకు గూడ మంచి రకమే కావాల్నా?" అని అన్న నవ్వాడు. పనివాళ్లూ నవ్వారు. నేను అరిచాను. వచ్చిన గిరాకీ బెదిరి నిలబడిపోయాడు. చివరికి ఒక సంచిలో ఏరిన మంచి పల్లీలు నేనే పోసుకుని ఇంటికి తెచ్చాను.

అమ్మకు అంతా వివరంగా చెప్పాను. "నా చేతులతోనే సంపిన్నా రా?" అంది. నాకు ఏడుపొచ్చింది. తెలియక జరిగిందన్నాను. ఆమె పాత మేత సీసా తెచ్చి నా చేతిలో పెట్టి, అప్పటికప్పుడు మంచి పల్లీలు వేయించడానికి కూర్చుంది.

చిన్నది దక్కలేదు. పెద్దది నాలుగు రోజులు మేత ముట్టలేదు. ఐదో రోజు ఒక ఉండను నోట్లోకి తీసుకుని ఉమ్మేసింది. పదో రోజుకు తింది. అమ్మ వేలి దగ్గరికి వచ్చి నిలబడింది. ఆ ఆదివారం ఇంట్లో పండగలాగే ఉంది. అమ్మ తనే దోశలు పోసి, పల్లీ పచ్చడి వేసి నా ముందు పెట్టింది.

రెండో ముక్కకు నాలుక మీద చిన్నగా చేదు తగిలింది. చిన్నప్పటి నుంచీ తెలిసిన చేదే. మా ఇంటి పచ్చడి రుచే అది అనుకుంటూ పెరిగాను.

"అమ్మా, ఇది ఏ పల్లీలది?"

"గంపలయి. మీ అన్న నిన్న పంపిండు."

"విషమని చెప్పిన గదమ్మా!"

"చేపలకని చెప్పినవ్. అవి నోరు లేనియి, పాపం. మంచియి వాటికి తీసిపెట్టిన. మనకేమైతది? మీ బాపు ఉన్నప్పటి సంది ఇంట్ల పచ్చడి గిదే. అమ్మేటియి ఇంట్ల తింటరా ఎవరన్న?"

నాకు యాభై రెండేళ్లు. చేతిలో ముక్క పళ్లెంలో పెట్టేసి ఆమె ముఖంలోకి చూశాను.

"గట్ల చూస్తవేంది? తిను" అంటూ అమ్మ ఇంకో గరిటె పచ్చడి వేసింది.